సొంత తపాలా కచేరి: ఈ-మెయిలు, వెబ్ సర్వరుల కథ

మన దేశములో 1854లో దూరముతో నిమిత్తము లేకుండ ఒకే ధరకు ఉత్తరమును చేరవేయు పద్ధతి ఏర్పడినది. 1898 నాటి పోస్టాఫీసు చట్టము ఉత్తరములను మోయు అధికారమును ప్రభుత్వమునకే ప్రత్యేకించినది. కనుక ఉత్తరము ఎవరైనను వ్రాయవచ్చును గాని, పోస్టాఫీసును ఎవరు పడితే వారు తెరచుటకు వీలు లేకుండెను. ఆ అలవాటు చొప్పున నేటి విద్యార్థి ఈ-మెయిలు కూడ ఏదో ఒక పెద్ద కంపెనీ నడుపు తపాలా శాఖ అనియే తలంచును.

నిజము వేరు. ఈ-మెయిలు నియమములు ప్రతి కంప్యూటరును ఒక పోస్టాఫీసు కాదగినదిగానే ఎంచినవి. ఒక ఉపాధ్యాయుడు తన సొంత కంప్యూటరులో తన వెబ్‌సైటును, తన ఉత్తరముల కచేరిని నడుపుకొనుటకు ఆ నియమములలో నాడును అడ్డు లేదు, నేడును లేదు. అయినను అట్లు నడుపువారు నేడు చాల కొద్దిమంది. నియమము మారకయే ఆచరణ ఇంతగా ఏల మారినది? ఈ ప్రశ్నకు జవాబు ఈ సాధనముల చరిత్రలో కలదు.

ముందుగా ఒక మాటను తెలిసికొందము. అడిగినవారికి జవాబు చెప్పుటకై ఎల్లవేళల మేలుకొని యుండు కంప్యూటరునకు, లేదా అందులో ఆ పని చేయు ప్రోగ్రామునకు, సర్వరు అని పేరు. వెబ్ సర్వరు పుటలను అందించును. మెయిలు సర్వరు ఉత్తరములను పుచ్చుకొనును, పంపును.

ఒకే యంత్రములోని ఉత్తరములు

1960 ప్రాంతములో కంప్యూటరు ఒక పెద్ద గదిని ఆక్రమించు యంత్రము. దానిని ఒక్కరే వాడుకొనుట దుబారా కనుక, అనేకులు వంతులవారీగా దాని కాలమును పంచుకొను ఏర్పాట్లు వచ్చినవి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అట్టి ఏర్పాటు ఒకటి ఉండెను. 1965లో అచ్చట టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అను ఇద్దరు ‘మెయిల్’ అను ఆదేశమును వ్రాసిరి. ఒకరు వ్రాసిన సందేశము రెండవవారి దస్త్రములలో ఒక పెట్టెయందు చేరును. రెండవవారు తమ వంతు వచ్చినపుడు దానిని చదువుకొందురు. ఇది ఒకే ఇంటిలోని గదుల నడుమ చీటీలు పంపుకొనుట వంటిది. ఇల్లు దాటి ఉత్తరము పోదు.

ఇల్లు దాటుటకు యంత్రముల నడుమ దారి కావలెను. 1969 అక్టోబరు 29న అర్పానెట్ అను వలలో మొదటి రెండు యంత్రములు మాటలాడుకొనినవి. ఒకటి లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయములోనిది, రెండవది స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలోనిది. ‘లాగిన్’ అను మాటలో రెండు అక్షరములు చేరగనే రెండవ యంత్రము స్తంభించినది! తరువాత దానిని సరిచేసిరి.

1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు బోల్ట్, బెరానెక్, న్యూమన్ అను సంస్థలో పనిచేయుచుండెను. ఆయన రెండు ప్రోగ్రాములను జతపరచెను. ఒకటి ఒకే యంత్రములో చీటీలు ఇచ్చునది, మరియొకటి వల మీదుగా దస్త్రములను పంపునది. ఒకే గదిలో ప్రక్కప్రక్కనే యున్న రెండు కంప్యూటర్ల నడుమ, అర్పానెట్ మీదుగా, మొదటి ఉత్తరము పోయెను. అందులో ఏమి వ్రాసినదియు ఆయనకే తరువాత గుర్తు లేదు. అయినను ఆయన చేసిన మరియొక పని లోకమంతటికి గుర్తున్నది. మనిషి పేరును, యంత్రము పేరును విడదీయుటకు ఆయన @ అను గుర్తును ఎన్నుకొనెను. మనుష్యుల పేర్లలో ఆ గుర్తు రాదు. దానికి ఇంగ్లీషులో ‘ఫలానిచోట’ అని అర్థము. గుర్తునకు ఎడమవైపున ఎవరు, కుడివైపున ఎచ్చట. రెండేండ్లు తిరుగునప్పటికి అర్పానెట్ మీద సాగు రాకపోకలలో ముప్పాతిక భాగము ఉత్తరములే యని 1973లో జరిగిన పరిశీలనలో తేలినది. వల కట్టినవారు గొప్ప గొప్ప లెక్కలు చేయుటకు దానిని కట్టిరి. మనుష్యులు దానిని మాటలాడుకొనుటకు వాడుకొనిరి.

మూడంకెల జవాబు

ఈ వలకు నియమములు ఎవరు చేసిరి? ఏ శాసనసభయు చేయలేదు. 1969 ఏప్రిలులో స్టీవ్ క్రాకర్ అను విద్యార్థి ‘మీ అభిప్రాయము తెలుపుడు’ అను అర్థము వచ్చు పేరుతో ఒక పత్రమును వ్రాసి పంచెను. ఆ వరుసలో వేలకొలది పత్రములు వెలువడినవి. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ వ్రాసిన 821వ పత్రము ఉత్తరములను అందించు పద్ధతిని నిర్ణయించినది. దాని సారము నేటికిని మారలేదు.

పద్ధతి ఎంత సరళమో చూడుడు. పంపు యంత్రము పుచ్చుకొను యంత్రమును 25వ ద్వారమున పలకరించును. అవతలియంత్రము 220 అను సంఖ్యతో ‘సిద్ధము’ అనును. పంపునది ‘హెలో’ యని తన పేరు చెప్పును. తరువాత ఉత్తరము ఎవరి నుండి వచ్చినదియు, ఎవరికి పోవలసినదియు చెప్పును. ప్రతి మాటకును 250 అను జవాబు, అనగా ‘సరే’ అని. ఉత్తరమును చదివి వినిపించి, చివర ఒక పంక్తిలో ఒక్క చుక్కను మాత్రము ఉంచినచో ఉత్తరము ముగిసినదని అర్థము. జవాబు 4తో మొదలైనచో ‘ఇప్పుడు కాదు, మరల రమ్ము’ అనియు, 5తో మొదలైనచో ‘వలదు’ అనియు గ్రహింపవలెను. ‘మరల రమ్ము’ అన్నను, అవతల ఎవరును పలుకకున్నను, పంపు యంత్రము ఉత్తరమును పారవేయదు. నాలుగైదు దినములవరకు మరల మరల ప్రయత్నించును. కావున సొంత సర్వరు ఒక పూట కరెంటు లేక ఆగిపోయినను వచ్చు ఉత్తరములు పోవు. వెబ్‌సైటునకు ఈ ఓర్పు లేదు. సర్వరు ఆగిన క్షణమున పుట కనబడదు.

ఈ సంభాషణలో ‘నీవు ఎవరవు? నీకు లైసెన్సు కలదా?’ అను ప్రశ్న ఎచ్చటను లేదు. పంపిన యంత్రము విశ్వవిద్యాలయముదా, ఒక గృహస్థుదా అను విచారణ లేదు. అంతేకాదు, ‘ఎవరి నుండి’ అనుచోట చెప్పిన పేరు నిజమో కాదో పరీక్షించుటయు లేదు. ఆనాడు వల మీద నున్నవారు కొద్దిమంది, ఒకరినొకరు ఎరిగినవారు. అందరికిని తలుపు తెరచినది ఈ నమ్మకమే. తరువాతి చిక్కులకును మూలము ఇదియే.

పేర్ల పట్టిక, దారి చెప్పు పద్ధతి

ఉత్తరము చేరుటకు యంత్రముల పేర్లు, వాటి సంఖ్యలు తెలియవలెను. మొదట ఈ పట్టిక అంతయు ఒకే దస్త్రముగా స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫెయిన్‌లర్ నడిపిన సమాచార కేంద్రమునందు ఉండెడిది. కొత్త యంత్రము చేరినచో అక్కడ వ్రాయించుకొనవలెను. యంత్రములు పెరిగినకొలది ఆ పని మోయరానిదాయెను. 1983లో పాల్ మోకాపెట్రిస్ పేర్ల వ్యవస్థను రూపొందించెను. ఇందులో ప్రతి సంస్థయు తన పేరు క్రిందనుండు పట్టికను తానే ఉంచుకొనును. మన గ్రామములలో ఎవరి ఇంటి పేరు వారు చూచుకొనునట్లే ఇదియు. 1986లో ఈ పట్టికలో మరియొక రకపు పద్దును వ్రాయు పద్ధతి స్థిరపడినది: ‘ఈ పేరు మీద వచ్చు ఉత్తరములను ఫలాని యంత్రమున ఇయ్యవలెను’ అని. ఈ చిన్న పద్దును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దీని ప్రాముఖ్యము ముందు తెలియును.

అర్పానెట్‌లో చోటు లేనివారు ఏమి చేసిరి? బెల్ ప్రయోగశాలలో పుట్టిన యునిక్స్ వాడువారు టెలిఫోను తీగలను ఆశ్రయించిరి. ఒక యంత్రము రాత్రివేళ పొరుగు యంత్రమునకు ఫోను చేసి, తన వద్దనున్న ఉత్తరములను ఇచ్చి, దాని వద్దనున్న వాటిని పుచ్చుకొనును. ఆ యంత్రము తన పొరుగునకు ఇచ్చును. ఇది పూర్వపు అంచె తపాలా వంటిది. విలాసములో దారియంతయు, అంచె వెంట అంచెగా, వ్రాయవలసియుండెను. పొరుగున ఒకరు ఒప్పుకొన్న చాలును, ఇంటిలో ఒక యంత్రము, ఒక టెలిఫోను ఉన్న వ్యక్తియు కచేరి తెరువగలిగెను. వ్యక్తులు ఇండ్లలో నడిపిన మెయిలు సర్వరులకు ఇది ఒక నాంది. మన దేశములో 1986లో ప్రారంభమైన ఎర్నెట్ అను విద్యాపరిశోధనా వలయు తొలుత ఇట్లే డయలు చేయు తీగల మీద నడిచినది. బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేరు సాంకేతిక కేంద్రము, ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని విజ్ఞాన సంస్థ అందులో చేరినవి. సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చినది.

ఆపరాదని వ్రాసిన యంత్రము

జెనీవా దగ్గరనున్న సెర్న్ అణుపరిశోధనా కేంద్రములో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఒక ప్రతిపాదన చేసి, 1990 చివర మొదటి వెబ్ సర్వరును నడిపించెను. అది ఆయన బల్లమీది నెక్స్ట్ కంప్యూటరే. ఎవరైనను పొరపాటున దానిని ఆర్పివేయుదురేమోయని, ఇది సర్వరు, దీనిని ఆపరాదు అను భావముతో ఎర్ర సిరాతో ఒక చీటీ వ్రాసి దానికి అంటించిరి. లోకములోని మొదటి వెబ్‌సైటు ఒక వ్యక్తి తన బల్లమీద నడిపిన వెబ్‌సైటే యన్నమాట.

1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్ ప్రోగ్రాములను ఎల్లరకు ఉచితముగా విడిచిపెట్టెను. అంతకు ముందే, 1991లో, ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును ప్రకటించియుండెను. 1995లో అపాచీ అను ఉచిత వెబ్ సర్వరు వెలువడెను. ఉత్తరముల విషయములో ఎరిక్ ఆల్మన్ బర్కిలీలో వ్రాసిన సెండ్‌మెయిల్ 1980 దశకమునుండియు ఉన్నది. తరువాత ఫిలిప్ హేజెల్ వ్రాసిన ఎగ్జిమ్, వీట్సె వెనెమా వ్రాసిన పోస్ట్‌ఫిక్స్ వచ్చినవి. ఇవి అన్నియు ఉచితములు. పెద్ద సంస్థలు వాడు సర్వరు ప్రోగ్రామునే ఒక విద్యార్థి పాత కంప్యూటరులో పెట్టుకొని నడుపగలుగుట సాంకేతిక చరిత్రలో అరుదైన సంగతి. పెద్ద విమానము ఎగురు ఇంజను సామాన్యునకు ఉచితముగా దొరకదు గదా!

తెలుగు ఉత్తరము

ఈ కచేరులలో ఒక లోపము ఉండెను. 821వ పత్రము ఏడు బిట్ల అక్షరములను మాత్రమే అనుమతించినది. ఏడు బిట్లతో 128 గుర్తులు మాత్రమే వీలగును. వాటిలో ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామ చిహ్నములు ఇముడును. తెలుగు లిపికి చోటు లేదు. అందుచేత 1990 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని తెలుగువారు రోమను అక్షరములతో తెలుగు వ్రాయుటకు ఒక కట్టుబాటును ఏర్పరచుకొనిరి. రైస్ విశ్వవిద్యాలయము పేరిట ఆ లిప్యంతరీకరణము ప్రసిద్ధమైనది. 1991లో యూనికోడు మొదటి సంపుటి తెలుగు అక్షరములకు సంఖ్యలను కేటాయించెను. 1992లో వచ్చిన మైమ్ అను పద్ధతి ఏడు బిట్ల దారిలోనే ఇతర లిపులను, చిత్రములను మూటగట్టి పంపుటకు మార్గము చూపెను. విలాసము కూడ తెలుగులో ఉండుటకు వీలు కల్పించు నియమము 2012లో వెలువడినది. దానిని పాటించు సర్వరుల మధ్య తెలుగు లిపిలోని విలాసమునకును ఉత్తరము చేరును.

నమ్మకము చెడిన విధము

1978 మే నెలలో ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి తమ కొత్త యంత్రములను చూడ రమ్మని అర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకేమారు ఉత్తరము పంపెను. అడుగని ప్రకటనపు ఉత్తరములకు అది ఆద్యము. చదివినవారు కోపించిరి. ఆయనను మందలించిరి. ఆనాటికి అంతతో సరిపోయినది.

1988 నవంబరు 2న మరియొక హెచ్చరిక వచ్చినది. తనంతట తాను వ్యాపించు ఒక ప్రోగ్రాము వేలకొలది యంత్రములను స్తంభింపజేసినది. అది దూరిన దారులలో సెండ్‌మెయిల్‌లో పరీక్షలకై విడిచిన ఒక తలుపు ఒకటి. సర్వరు నడుపుట యనగా తలుపు తెరచుట మాత్రమే కాదు, దానికి కాపలా ఉండుట కూడ నని అందరకు తెలిసివచ్చెను.

1990 దశకము నడుమ వ్యాపారులు వలలోనికి వచ్చిన తరువాత వరద మొదలైనది. కారణము సులభముగా తెలియును. కాగితపు ఉత్తరమునకు పంపువాడు బిళ్ల కొనవలెను. లక్ష ఉత్తరములకు లక్ష బిళ్లలు. ఈ-మెయిలులో లక్ష ఉత్తరములకును పంపువానికి ఖర్చు ఇంచుమించు శూన్యము. భారమంతయు పుచ్చుకొనువానిది. లక్షమందిలో ఒకడు మోసపోయినను పంపినవానికి లాభమే. పైగా, ఆ కాలపు సర్వరులు ఎవరు ఇచ్చిన ఉత్తరమునైనను ఎవరికైనను చేరవేసెడివి. పొరుగువారికి సాయపడుట కచేరి ధర్మమని భావించిన రోజులవి. దుష్టులు ఆ సాయమునే వాడుకొని, ఇతరుల సర్వరులపై తమ మూటలను మోపిరి.

1997లో పాల్ విక్సీ మొదలగువారు చెడ్డ యంత్రముల సంఖ్యలతో ఒక నిషేధ పట్టికను తయారుచేసిరి. ఇతర సర్వరులు పేర్ల వ్యవస్థ ద్వారానే ఆ పట్టికను అడిగి, అందులోనివారి ఉత్తరములను త్రోసిపుచ్చెడివి. ఉపాయము పనిచేసినది. కాని ఒక్కొక్కప్పుడు ఒక సంఖ్యను మాత్రమే గాక దాని చుట్టునున్న సంఖ్యలను కూడ నిషేధింతురు. ఒక ఇంటిలో దొంగ ఉన్నందున వీధికంతకు తపాలా ఆపినట్లు నిర్దోషులును నష్టపడుదురు. ఇంటి కనెక్షన్ల నుండి 25వ ద్వారమునకు పోవు దారిని చాల కంపెనీలు మూసివేసినవి. ఇండ్లలోని కంప్యూటర్లు వైరసుల చేతచిక్కి యజమానులకు తెలియకయే చెత్తను పంపుచుండుటయే దానికి కారణము.

మరియొక ఇరుకు సంఖ్యలదే. ఇంటర్నెట్ పాత సంఖ్యలు 32 బిట్లవి, మొత్తము సుమారు 429 కోట్లు. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయినది. అందువలన అనేక గృహములు నేడు ఒకే సంఖ్యను పంచుకొనుచున్నవి. అట్టి ఇంటికి బయటివారు వచ్చి తలుపు తట్టుటకు వీలు లేదు. 128 బిట్ల కొత్త సంఖ్యలు ఈ ఇరుకును తీర్చగలవు. కాని అవి అన్నిచోట్ల వాడుకలోనికి రాలేదు.

మూడు ముద్రలు

‘ఎవరి నుండి’ అను మాటను నమ్మరాదని తేలిన పిమ్మట, దానిని నిరూపించు పద్ధతులు వచ్చినవి. 2006లో ప్రకటించిన ఎస్.పి.ఎఫ్. ప్రకారము, ఒక పేరు గలవాడు తన పేర్ల పట్టికలో ‘నా ఉత్తరములు ఫలాని సంఖ్యల నుండి మాత్రమే వచ్చును’ అని వ్రాసికొనును. 2007 నాటి డి.కె.ఐ.ఎమ్. ప్రకారము, ప్రతి ఉత్తరముపై గణితముతో కూడిన ఒక ముద్రను వేయుదురు. ముద్ర వేయు రహస్యపు తాళము సర్వరు వద్దనుండును. సరిచూచు బహిరంగపు తాళము పేర్ల పట్టికలో ఉండును. దారిలో ఉత్తరపు పాఠము మారినచో ముద్ర సరిపోదు. 2015 నాటి డిమార్క్ ప్రకారము, ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరమును ఏమి చేయవలెనో పేరు గలవాడే చెప్పును. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్ద సంఖ్యలో ఉత్తరములు పంపువారికి ఈ మూడును తప్పనిసరి చేసినవి.

ఈ మూడును ఉచితములే. సొంత సర్వరు గలవాడును వీటిని అమర్చుకొనవచ్చును. కాని 1982 నాటి సరళమైన సంభాషణకు ఇప్పుడు ఎన్ని కట్టుబాట్లు చేరినవో పాఠకులు గమనింతురు గాక. అన్నియు అమర్చిన పిమ్మటను, ఎన్నడును వినని చిన్న సర్వరు ఉత్తరమును పెద్ద సంస్థ చెత్త పెట్టెలో వేయవచ్చును. 250 అని బదులు చెప్పుట ఒకటి, చదువరి కంటబడునట్లు ఉంచుట వేరొకటి.

పెద్ద కచేరులు

1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్‌ను ప్రారంభించిరి. ఏ కంప్యూటరునుండియైనను ఉచితముగా ఉత్తరము చదువుకొను సౌకర్యము కోట్లమందికి అందినది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైటు చోటు ఇచ్చుచు వచ్చినది. ఇతర ఉచిత కచేరులు అప్పటికి రెండు, నాలుగు మెగాబైట్లు ఇచ్చుచుండెను. జనులు వీటిని ఆశ్రయించుటలో వింత లేదు. కోట్ల ఉత్తరములు చూచు సంస్థకు చెత్తను గుర్తించుట సులభము. పది ఉత్తరములు చూచువానికి అది కష్టము.

కాని ఈ సౌకర్యమునకు వెల కలదు. పెద్ద కచేరి ఇచ్చిన విలాసములో @ గుర్తునకు కుడివైపు పేరు ఆ కచేరిదే. ఖాతా మూతపడినచో విలాసమును, దానిని ఎరిగిన మిత్రులును, పాత ఉత్తరములును ఒక్కసారిగా దూరమగును. కచేరిని మార్చదలచినను విలాసము వెంటరాదు. అంతేకాక, లోకములోని ఉత్తరములలో అధికభాగము కొద్ది సంస్థల గుండా పోవునప్పుడు, ఏ చిన్న సర్వరు ఉత్తరము చేరవలెనో నిర్ణయించు శక్తి ఆ కొద్దిమంది చేతిలో పడును. ఏ పత్రమును వారికి ఆ శక్తిని ఇయ్యలేదు. జనుల సంఖ్యయే ఇచ్చినది.

నేటి మార్గము

1986 నాటి చిన్న పద్దును ఇప్పుడు జ్ఞాపకము చేసికొందము. సొంత పేరు, అనగా డొమైను, కొద్దిపాటి వార్షిక రుసుముతో ఎవరికైనను దొరకును. ఆ పేరు మీది ఉత్తరములు ఏ యంత్రమున చేరవలెనో ఆ పద్దు చెప్పును. నేడు అద్దె కచేరిలో, రేపు సొంత సర్వరులో, ఎల్లుండి మరియొక చోట. పద్దు మారును, విలాసము మారదు. ఇల్లు మారినను తన పేరు తనతో వచ్చునట్టిది ఈ ఏర్పాటు. పూర్తిగా సొంత మెయిలు సర్వరు నడుపుటకు తీరిక, ఓపిక లేనివారును ఈ మేరకు స్వతంత్రులు కావచ్చును.

వెబ్‌సైటు సంగతి ఇంకను సులభము. చదువ వచ్చినవాడు తానే వచ్చి తలుపు తట్టును గనుక, అచ్చట చెత్త పెట్టెల బెడద లేదు. 2015 నుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ రహస్య సంభాషణకు కావలసిన ధ్రువపత్రములను ఉచితముగా ఇచ్చుచున్నది. అరచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు కూడ ఒక పాఠశాల వెబ్‌సైటును మోయగలదు. నడుపువాడు ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు నవీకరించుటయు, దస్త్రములకు నకళ్లు తీసి వేరొకచోట దాచుటయు మరువరాదు.

ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగము చేయించవచ్చును. బడి ప్రయోగశాలలో, బయటి వలతో సంబంధము లేకుండ, రెండు పాత కంప్యూటర్లను ఒక తీగతో కలిపి, ఒకదానిలో లినక్సు, పోస్ట్‌ఫిక్స్, అపాచీ పెట్టుడు. రెండవదాని నుండి విద్యార్థులు 25వ ద్వారమును పలకరించి, హెలో మొదలు చివరి చుక్కవరకు తామే టైపు చేయుదురు గాక. 220, 250 అను జవాబులు వారికి కనబడును. ‘ఎవరి నుండి’ అనుచోట ఒకరిద్దరు కల్పిత పేర్లు వ్రాసి చూతురు గాక. ఆ ఉత్తరమును యంత్రము నిస్సంశయముగా పుచ్చుకొనుట చూచిన విద్యార్థి, బ్యాంకు పేరిట వచ్చు మోసపు ఉత్తరమును ఎన్నటికిని గ్రుడ్డిగా నమ్మడు. అంతకు మించి, ఈ-మెయిలు యొకరు దానముగా ఇచ్చిన సదుపాయము కాదనియు, నియమములు తెలిసిన ప్రతివాడును పాల్గొనదగిన ఒక ఒప్పందమనియు వానికి స్వానుభవమున తెలియును.